పెట్టె మీద తడిగోనె

పన్నెండు కిటికీలు: ఏడో వారం

యామిల్ ఆ మాట ఆటపట్టించడానికే అన్నాడు.

"మీ ఊరి ఆకాశానికి ఆదివారం సెలవా యెరుతీ?"

తెర మీది పన్నెండు కిటికీల్లోనూ నవ్వులు. యెరుతి కూడా నవ్వింది. నవ్వుతూనే తన గ్రాఫును ఇంకోసారి చూసుకుంది. వారంలో ఆరు రోజులు మధ్యాహ్నం పూట గుట్టలా లేచే గీత, ఆదివారాల్లో మాత్రం చాప పరిచినట్టు పడుకుని ఉంది. ఐదు ఆదివారాలు. ఐదూ అంతే. సోమవారం నాటి సమావేశం అక్కడ ముగిసింది. మనం కూడా ఆమెను అక్కడే వదిలి వచ్చాం.

ఇప్పుడే ఈ కథలోకి అడుగుపెట్టినవారి కోసం రెండు ముక్కలు. కాసపా పట్నం పక్కపల్లెలో అమ్మమ్మ క్రిస్పినాతో ఉండే యెరుతికి ఇరవై ఏళ్లు. ఈ వేసవి సెలవుల్లో, ఆరు దేశాల నుంచి పన్నెండు మంది విద్యార్థులు ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చుని చేసే ఫిజిక్స్ ఇంటర్న్‌షిప్‌కి ఎంపికైంది. యామిల్ కూడా ఆ పన్నెండు మందిలో ఒకడు. రాజధాని అసున్సియోన్ నుంచి బస్సు పార్సిల్లో ఆమెకొక పెట్టె వచ్చింది. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. ఆకాశం నుంచి మన ఇంటి కప్పుల్లోంచి, మన ఒంట్లోంచి, ఆగకుండా రాలిపోయే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం దాని పని. ఆ లెక్కలో ఏముందో చూడటం యెరుతి పని. రోజూ లాగ్‌బుక్కు రాస్తుంది. ప్రతి పేజీ చివరా ఒకటే వాక్యం: "పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు."

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ లెక్క నాలుగు శాతం పెరుగుతోందని మొదట గమనించింది ఆమే. మిగతా పదకొండు పెట్టెల్లో అది లేదు. ఇంటర్న్‌షిప్ నడిపే ప్రొఫెసర్ ఒవెలార్ ఆ గ్రాఫును బొలీవియా కొండల మీద ఉన్న ఒక ప్రయోగశాలకు పంపింది. ఈ పన్నెండు మందిలో ఇద్దరికి అక్కడ ఏడాది పాటు పనిచేసే అవకాశం ఉంది. శుక్రవారం అందరూ తమ పని గురించి మాట్లాడాక ఆ రెండు పేర్లు చెప్తారు. మొదట మాట్లాడాల్సింది యెరుతి.

మంగళవారం పదకొండున్నరకి ఆమె ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని బయల్దేరింది. ఇంట్లో సిగ్నలు సరిగా అందదు. ఊరంతా తలుపులు మూసుకుని కునుకు తీసే వేళ సహకార సంఘం పాల కేంద్రంలో ఇంటర్నెట్ ఖాళీగా ఉంటుంది. అందుకే రోజూ పన్నెండున్నర సమావేశానికి అక్కడికే వెళ్తుంది. ఆ రోజు మాత్రం మలుపు దాకా వెళ్లి, చెరుకు తోట చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి, పక్కింటి పెరట్లో కర్రపెండలం మొక్కల మధ్య కూర్చుంది. అక్కణ్ణించి తమ ఇంటి వసారా, వసారాలో బల్ల, బల్ల మీద పెట్టె శుభ్రంగా కనిపిస్తాయి.

కూర్చుని చూడటం ఆమెకు కష్టమైన పని కాదు. చిన్నప్పుడు బడికి టీచరు రాని రోజున మిగతా పిల్లలు బంతాడుకుంటే, ఆమె చీమల బారు పక్కన గొంతుక్కూర్చుని, ఏ చీమ ఎక్కడ తిరిగి వెళ్తుందో చూస్తూ పొద్దు గడిపేది. ఇప్పుడు చూడాల్సింది ఒక పెట్టె.

"ఏమే, నా దుంపలకి కాపలా కాస్తున్నావా, కాజేయడానికొచ్చావా?"

వెనక పక్కింటి సెవెరియానా నిలబడి ఉంది. ఒక చేతిలో చల్లటి నీళ్ల ఫ్లాస్కు, ఇంకో చేతిలో తెరెరే కొమ్ముగ్లాసు, ఆకు మీద చల్లనీళ్లు పోసుకుని పీల్చేది.

"ష్! నెమ్మదిగా, న్యా సెవెరియానా." పెద్దావిడలను ఆ ఊళ్లో 'న్యా' అనే పిలుస్తారు.

"నా పెరట్లో నేను నెమ్మదిగా మాట్లాడాలా! ఎవడికోసమే ఈ దాక్కోవడం? పేరు చెప్పు, మీ అమ్మమ్మ చెవిన వెయ్యనులే."

"ఎవడూ లేడు."

సెవెరియానా ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "నిజమే. ఎవడన్నా ఉంటే తలన్నా దువ్వుకునేదానివి." ఒక గుక్క తెరెరే పీల్చి, గ్లాసు మళ్లీ నింపి యెరుతి చేతికిచ్చింది. ఆమె తాగాక ఖాళీ గ్లాసు తీసుకుని, ఇంకేమీ అడక్కుండా నడుము పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పన్నెండుకి ఐదు నిమిషాల ముందు క్రిస్పినా సంత నుంచి వచ్చింది. ఆమె తెల్లవారకముందే వెళ్లి రోడ్డు పక్కన రోలు పెట్టుకుంటుంది. తెరెరే నీళ్లలోకి సెద్రోన్, పుదీనా, కొకూ ఆకు దంచి ఇస్తుంది. జ్వరానికి ఒక ఆకు, కడుపు మంటకి ఒక ఆకు, ఊరికే దిగులుగా ఉన్నవాళ్లకి రెండు మూడు కలిపి. వడలిపోకుండా ఆకులమీద ఐసు ముక్కలు వేసి గోనెపట్టా కప్పుతుంది. బుట్ట దించి, కాళ్లు కడుక్కుని, ఆ గోనెను తీసి బకెట్లో మిగిలిన ఐసు నీళ్లలో ముంచింది. చుక్క కారకుండా గట్టిగా పిండింది. నాలుగు మడతలు వేసింది. నేరుగా బల్ల దగ్గరికి నడిచి పెట్టె మీద పరిచింది. అంచులు సర్దింది.

ఆ తర్వాత, పసిపిల్లలతోనూ కోడిపిల్లలతోనూ మాట్లాడే గొంతుతో, పెట్టెతో అంది:

"ఇదిగో, అయిపోయింది. కాసేపు ఓర్చుకో బంగారం. మీ అమ్మ వచ్చేస్తుంది."

యెరుతి కదల్లేదు. ముందుగా ఆమె బుర్రలో తిరిగింది లెక్కే. పెట్టె లోపలుండే చిన్న థర్మామీటరు తీగ దారిలోనే తెగిపోయి వచ్చింది. అందుకని ఇన్నాళ్లూ ఊరి ఉష్ణోగ్రతే పెట్టెకూ ఉందనుకుని లెక్క సరిచేస్తూ వచ్చింది. మధ్యాహ్నం ఊరు ముప్పై తొమ్మిది డిగ్రీలు. పెట్టె మాత్రం తడిగోనె కింద హాయిగా ఉంది. వేడికి మందగించే పెట్టె చల్లబడితే చురుకవుతుంది, మెత్తగా తగిలినవాటిని కూడా వదలకుండా పట్టుకుంటుంది, లెక్క పెరుగుతుంది. సంత లేని రోజు గోనె లేదు, గోనె లేని రోజు గుట్ట లేదు. సాన్ బ్లాస్ పండుగ నాడు కూడా గుట్ట లేదు, ఎందుకా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంది. ఆ రోజు అమ్మమ్మ ఇంట్లోనే ఉండి చీపా రొట్టెలు కాల్చింది.

ఐదు వారాలు. ఒక గోనెపట్టా.

లేచి, కంచె దాటి, వసారా మెట్టు ఎక్కింది.

"అదేంటే, ఇంకా వెళ్లలేదా?" క్రిస్పినా తల తిప్పింది. "మీ ప్రొఫే నీకోసం చూస్తుంటుంది. చెమటలు చూడు, ఎండన పడి..."

"ఎన్నాళ్ల నుంచి అమ్మమ్మా?"

"ఏంటి ఎన్నాళ్ల నుంచి?"

"ఆ గోనె."

క్రిస్పినా గోనె వంక, మనవరాలి వంక చూసింది. దొరికిపోయిన మొహం కాదు. అన్నం పెడుతూ ఇంకో ముద్ద వేసినప్పుడు వద్దన్నా వినని మొహం.

"వచ్చిన వారం నుంచే. నువ్వే ఫోనులో అంటున్నావు, వేడెక్కితే దీనికి లెక్క తప్పుతుందని. పాపం అనిపించింది. ఈ రేకుల కింద మనుషులకే కళ్లు తిరుగుతాయి."

"ముట్టుకోవద్దని చెప్పాను కదా."

"ముట్టుకోలేదు!" క్రిస్పినా అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. "మేరీ మాత సాక్షి, వేలు తగల్లేదు. గోనె తగిలింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావు. అందుకే నువ్వొచ్చేలోపు తీసేసేదాన్ని. జ్వరమొచ్చినప్పుడు నుదుటికి బంగాళాదుంప చక్రాలు కట్టబోతే కూడా వద్దన్నావు. కట్టాక తగ్గిందా లేదా?"

"మరి ఆదివారాలు?"

"ఆదివారం ఐసు ఎక్కడిదే? అయినా ఆదివారం నువ్వింట్లోనే ఉంటావు. నీ దాన్ని నువ్వు చూసుకోవా ఏంటని ఊరుకున్నా."

యెరుతి గచ్చు మీద కూలబడింది. క్రిస్పినాకి అప్పుడు భయం పుట్టింది. వంగి, పెట్టె మీద నుంచి గోనె గబగబా లాగేసింది.

"ఏమైంది? పాడైపోయిందా? నీళ్లు పోయాయా లోపలికి? గట్టిగా పిండానే నేను!"

"పాడవలేదు. బాగుంది. బాగుండాల్సిన దానికంటే బాగుంది." యెరుతి ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. చల్లదనం పెట్టెను ఏం చేస్తుందో చెప్పింది. మధ్యాహ్నం గుట్ట ఎందుకు లేస్తోందో చెప్పింది. క్రిస్పినా బళ్లో మూడో తరగతి దాటలేదు. అయినా ఎవరి ఒంట్లో ఏ వేడి ఎందుకు పుడుతుందో నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి. చెప్పింది చెప్పినట్టు అర్థమైంది.

"అయితే నువ్వు కనిపెట్టింది..."

"ఆకాశాన్ని కాదమ్మమ్మా. నిన్ను."

క్రిస్పినా గోనెను రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. తడి ఆమె అరచేతుల్లోకి ఊరుతోంది.

"సంతంతా చెప్పాను," అంది చివరికి. "మా పిల్ల మిట్టమధ్యాహ్నం ఆకాశంలో ఏదో పట్టుకుందని. ఫాదరుకి చెప్పాను. పోలీసుకి కూడా చెప్పాను."

"పోలీసుకెందుకు?"

"కడుపు మంటకి ఆకు అడిగాడు. దంచేటప్పుడు ఊరికే ఎలా ఉంటాను?"

ఇద్దరూ నవ్వారు. యెరుతి నవ్వు మధ్యలో తెగిపోయింది. క్రిస్పినా వచ్చి పక్కనే కూర్చుని, చల్లగా తడిసి ఉన్న చేతిని మనవరాలి మెడ మీద వేసింది.

"ఇటు చూడు. ఈ సంగతి ఎవరికి తెలుసు? నీకు తెలుసు, నాకు తెలుసు. గోనెకి నోరు లేదు. శుక్రవారం దాకా నేను వేస్తూనే ఉంటాను. నువ్వా కొండ మీదికి వెళ్లిపో. వెళ్లాక మానేస్తా. మానేస్తే ఎవడడుగుతాడు?"

ఆ మాట యెరుతి లోపల అప్పటికే ఒకసారి తిరిగి వెళ్లింది, కర్రపెండలం మొక్కల మధ్య నుంచి లేచే ముందు. ఎవరూ రారు ఇక్కడికి. పొలిమేర దాటి ఈ వసారాను చూసినవాళ్లు ఆ మిగతా పదకొండు మందిలో ఒక్కరూ లేరు. వాళ్లందరికీ ఆమె ఒక చిన్న కిటికీ. కొండ మీద ఉన్న ఆ ప్రయోగశాల ఫోటోను ఆమె ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకుందో లెక్కలేదు. రాళ్లు, మంచు, మంచు మధ్య ఒక పొడవాటి రేకుల కప్పు, దాని ముందు మందపాటి కోటుల్లో నిలబడ్డ మనుషులు. ఆ మనుషుల పక్కన ఒక ఖాళీ జాగా ఉంది. ప్రతిసారీ తనను అక్కడ నిలబెట్టుకుని చూసుకునేది.

"యామిల్ వెళ్లొచ్చు," అంది. "లేకపోతే ఇంకొకరు. నా గ్రాఫు చూసి నన్ను పిలిస్తే, నిజంగా చూసినవాళ్లెవరో వెనకబడిపోతారు. వెళ్లి చెప్పేస్తాను."

"ఏం చెప్తావు? మా అమ్మమ్మ పాడుచేసిందని చెప్తావా?"

"నా తప్పని చెప్తాను."

"నీ తప్పెలా అవుతుందే!"

"లాగ్‌బుక్కు నాది. 'ఎవరూ ముట్టుకోలేదు' అని రోజూ సంతకం పెట్టింది నేను."

"కప్పింది నేనైతే!"

"నువ్వు దాన్ని చల్లగా చూసుకున్నావు. అందులో తప్పేముంది?" యెరుతి లేచి, అమ్మమ్మ తల మీద ముద్దు పెట్టి, సంచి తీసుకుంది. మెట్టు దిగుతూ వెనక్కి చూస్తే, ముసలామె ఇంకా గచ్చు మీదే కూర్చుని పెట్టె వంక చూస్తోంది. తన చేతి కింద పెరిగిన పిల్ల తొలిసారి ఎదురు చెప్పినప్పుడు చూసినట్టు చూస్తోంది.

పాల కేంద్రం చేరేసరికి ఒంటిగంటా పావు. సమావేశం ముగింపుకొచ్చింది. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, యెరుతి మైకు తెరిచింది.

"ప్రొఫే, ఒక్క మాట."

"నిన్న యామిల్ ఆ జోకు వేసినప్పటి నుంచి నీ నోట మాట లేదు," అంది ప్రొఫెసర్ ఒవెలార్. "చెప్పు. ఏం దొరికింది?"

యెరుతి చెప్పింది. గోనె దగ్గర మొదలుపెట్టి సాన్ బ్లాస్ పండుగ దాకా, దాచకుండా, ఏడవకుండా. ఎదుటి కిటికీలో ప్రొఫెసర్ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఇంటర్నెట్ ఆగిందేమోనని యెరుతి తెరను తట్టి చూసింది.

"ఆగలేదులే, ఉన్నాను." ప్రొఫెసర్ గొంతు పొడిగా ఉంది. "లాగ్‌బుక్కులో ముప్పై ఐదు పేజీలు. ప్రతి పేజీలో 'ఎవరూ ముట్టుకోలేదు'. చూసి రాశావా?"

"లేదు ప్రొఫే." ఆ రెండు మాటలు అన్నిటికంటే బరువుగా వచ్చాయి. "అలాగే ఉంటుందనుకుని రాశాను."

"గుట్ట తప్పు కావడం నాకు బాధ లేదు యెరుతీ. గుట్టలు వస్తుంటాయి, పోతుంటాయి. ఈ వాక్యం మాత్రం బాధగా ఉంది. నేను కొండ మీదివాళ్లకి పంపింది నీ గ్రాఫొక్కటే కాదు. 'ఈ అమ్మాయి రాసిందంటే చూసి రాస్తుంది' అని నా మాట కూడా పంపాను."

పాల డబ్బాలు కడిగే చప్పుడు గోడ అవతల నుంచి వినిపిస్తోంది. యెరుతి తల దించుకుని, ల్యాప్‌టాప్ అంచున అంటుకున్న ఎర్రమట్టిని గోటితో గీకింది. తల ఎత్తితే కన్నీళ్లు కనిపిస్తాయని ఎత్తలేదు.

కాసేపటికి ప్రొఫెసర్ మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది.

"నా వాటా కూడా ఉంది. థర్మామీటరు తీగ తెగిందని నువ్వు మొదటి రోజే చెప్పావు. వేరేది పంపకుండా ఊరి ఉష్ణోగ్రతతో సర్దుకోమన్నది నేను. నేనూ అనుకున్నాను, చూడలేదు." ఆగింది. "మీ అమ్మమ్మ గడియారం చూసి వేస్తుందా ఆ గోనె?"

"ఇంట్లో గడియారం లేదు ప్రొఫే. సంత నుంచి రాగానే వేస్తుంది."

"నీ గ్రాఫులో గుట్ట మొదలయ్యే వేళ రోజూ పది నిమిషాల తేడాలో ఉంది. అంత పద్ధతైన మనిషి నా ల్యాబులో ఒక్కరూ లేరు." మొదటిసారి ఆమె పెదవి చివర నవ్వు లాంటిది కదిలింది. "విను. కొండ మీదివాళ్లకి ఈ రోజే నిజం చెప్పాలి. వాళ్లు నీ పేరు కొట్టేస్తారా ఉంచుతారా నా చేతిలో లేదు. ఉత్తరం నువ్వు రాయి. కింద నా పేరు కూడా పెడతాను."

"రాస్తాను."

"ఇంకోటి. శుక్రవారం మొదటి మాట నీదే. అది మారదు. గుట్ట గురించి కాదు, గోనె గురించి మాట్లాడు. బుధవారం గోనెతో, గురువారం గోనె లేకుండా. పెట్టెకి థర్మామీటరు కట్టు. ఎంత చల్లబడితే లెక్క ఎంత పెరిగిందో నువ్వే కొలిచి చూపించు. పన్నెండు పెట్టెల్లో ఎవరూ ఆ పని చేయలేదు. అది నిఖార్సైన పని. కానీ ఒక షరతు. ఇప్పటి నుంచి శుక్రవారం దాకా పెట్టె ఆగకూడదు. ఒక్క గంట కూడా. జరగకూడదు. లెక్క మధ్యలో తెగితే చెప్పడానికి నీ దగ్గర ఏమీ మిగలదు, నీ తరఫున మాట్లాడటానికి నా దగ్గరా ఏమీ ఉండదు."

"ఆగదు ప్రొఫే."

అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. తొమ్మిది వాక్యాలు. నాలుగు సార్లు చదివి, "క్షమించండి" అన్న మాట మూడు చోట్ల ఉంటే రెండు తీసేసి పంపింది. పంపగానే యామిల్ దగ్గరి నుంచి సందేశం వచ్చింది: "ఏమైందే? ఆకాశం సెలవు సంగతి తేలిందా?"

"తేలింది. ఆకాశం రోజూ పనిలోకొస్తోంది. నేనే సరిగా రాలేదు."

"నాకర్థం కాలేదు కానీ, శుక్రవారం నీ పక్కన ఉంటా. మైకు ఆపుకునైనా."

పాల కేంద్రం చూసుకునే డాన్ ఉల్పియానోని థర్మామీటరు అడిగింది. పాల ట్యాంకులో వేసేది ఆయన ఒకటే ఉంచుకుంటాడు.

"పాలకి జ్వరమొస్తే ఎలా చూడను?" అన్నాడు.

"శుక్రవారం సాయంత్రానికి తెచ్చిస్తాను."

"శుక్రవారం దాకా ఆవులతో ఏం చెప్పమంటావు, ఆగమనా?" అంటూనే గుడ్డతో తుడిచి, గాజు పగలకుండా పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాడు. "మీ అమ్మమ్మ ఇచ్చిన ఆకుతో నా మోకాలు తగ్గింది. అందుకని."

ఇంటి దారి పట్టేసరికి రెండూ నలభై. ఎండ ఇంకా దిగలేదు. అయినా యెరుతికి నడక తేలిగ్గా ఉంది. కొండ పోతే పోయింది, కానీ పోయిందని ఇంకా ఎవరూ అనలేదు. రేపు మధ్యాహ్నం అమ్మమ్మ గోనె వేస్తుంది, ఈసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూస్తారు. లాగ్‌బుక్కులో ఏం రాయాలో కూడా ఆలోచించుకుంది: "పన్నెండు గంటలకు క్రిస్పినా గోనె కప్పింది. నేను చూశాను."

"అమ్మమ్మా, చూడు ఏం తెచ్చానో!"

వసారాలో బల్ల ఖాళీగా ఉంది.

బల్ల మీద పెట్టె ఉండాల్సిన చోట దుమ్ము లేని నలుచదరపు గుర్తు ఉంది. గోడకున్న ప్లగ్గు ఊడదీసి, తీగ పద్ధతిగా చుట్టి, మేకుకు తగిలించి ఉంది. లోపలి గదిలో ఎవరూ లేరు. పెరట్లో ఎవరూ లేరు.

యెరుతి పాల థర్మామీటరు చేతిలో పట్టుకునే పక్కింటికి పరుగెత్తింది. సెవెరియానా ఉయ్యాల మంచంలోంచి సగం లేచింది.

"మీ అమ్మమ్మా? రెండు గంటల బస్సెక్కిందిగా. నీకు చెప్పలేదా?"

"ఏ బస్సు?"

"అసున్సియోన్ బస్సు. మంచి గౌను వేసుకుంది, దువ్వుకుంది, నా దగ్గర గొడుగు తీసుకుంది. ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కండక్టరు పైన పెడతానంటే కసిరింది. మూత మీద అంటించిన కాగితంలో యూనివర్సిటీ చిరునామా ఉంది కదా, నాతో రెండుసార్లు చదివించుకుని బట్టీ పట్టింది."

"ఎందుకు? ఎందుకెళ్తున్నానంది?"

సెవెరియానా ఆ పిల్ల మొహం చూసి గొంతు తగ్గించింది. "'పిల్ల తప్పంతా తన మీద వేసుకోడానికెళ్లింది, నేను చూస్తూ కూర్చోనా' అంది. 'ఆ ప్రొఫే ఎవరో ఎదురుగా నిలబడి చెప్తాను, నేనే కప్పానని. పెట్టె కూడా చూపిస్తాను, నా చేతుల్లో ఏమన్నా పాడైందేమో వాళ్లే చూసి చెప్తారు' అంది. నేను ఆపి చూశాను యెరుతీ. ఆగే మనిషా అది?"

యెరుతి ఫోను చేసింది. తమ ఇంటి వంటగదిలో, ఉప్పు డబ్బా పక్కన, అమ్మమ్మ ఫోను మోగింది.

సిగ్నలు అందే రోడ్డు మీదికి పరుగెత్తి ప్రొఫెసర్‌కి చేసింది. రెండో మోతకే ఎత్తింది.

"ప్రొఫే, పెట్టె... పెట్టె ఆగిపోయింది. అమ్మమ్మ దాన్ని తీసుకుని మీ దగ్గరికే వస్తోంది. బస్సులో ఉంది. ఏడింటికల్లా దిగుతుంది. మీరు గదిలోనే ఉంటారు కదా? కొంచెం గేటు దగ్గర..."

అవతల ఒక పిల్లాడి కేక, కుక్క మొరుగు, ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆరు వారాలుగా ప్రొఫెసర్ వెనక కనిపించిన పుస్తకాల బీరువా యూనివర్సిటీ గదిలోదే అనుకుంది యెరుతి. బీరువా ఉన్న గదిలో గిన్నెల చప్పుడేమిటో ఆమెకు అప్పుడు తట్టింది.

"యెరుతీ," అంది ప్రొఫెసర్, "నేను అసున్సియోన్‌లో లేను, దూరంగా ఎన్‌కార్నాసియోన్‌లో ఉన్నాను. మా అక్క వాళ్లింట్లో. డిసెంబరు నుంచీ ఇక్కడే. ఆ బీరువా ఒట్టి బొమ్మ. యూనివర్సిటీ నెలాఖరు దాకా మూత. ఆ చిరునామాలో తాళం తప్ప మనిషి ఉండడు... మీ అమ్మమ్మ అసున్సియోన్ ఇదివరకు ఎప్పుడైనా చూసిందా?"